అక్క పిట్యూటరీ గడ్డ రిపోర్టులో క్రోమోజోముల తేడా అని వచ్చింది, పిల్లలకు వస్తుందా?

విభాగం: ఆరోగ్యం (చిత్తూరు, తిరుపతి సభ్యులు)

బంగారుపాళెం_రైతు | సోమవారం రాత్రి

అందరికీ నమస్కారం. కొంచెం పెద్దగా రాస్తా ఉండా, ఓపిగ్గా చదవండి.

మా అక్కకు 46 ఏండ్లు. చిత్తూర్లో ఉంటారు. చానా రోజుల నుంచి తలనొప్పి, నెలసరి ఆగిపోయింది. వయసు కదా అనుకున్నారు. రోడ్డు దాటేటప్పుడు పక్కనుంచి వచ్చే బండి కనపడలేదంటే కంటి డాక్టరు దగ్గరికి తీసుకపోయినాం. ఆయప్ప అద్దాలు రాయకుండా తలకు ఎమ్మారై తీయించమన్నాడు. మెదడు అడుగున పిట్యూటరీ అని హార్మోన్లు చేసే చిన్న గ్రంథి ఉంటాదంట, దాంట్లో 24 మిల్లీమీటర్ల గడ్డ. రక్తంలో ప్రొలాక్టిన్ (పాలు పట్టించే హార్మోను) బాగా ఎక్కువ. దాన్ని తగ్గించే కాబర్గోలిన్ మాత్రలు మొదలుపెట్టి డోసు పెంచుకుంటా పోయినారు. ప్రొలాక్టిన్ కొంచెం దిగింది గానీ గడ్డ కరగలా, చూపు ఇంకా తగ్గతా వచ్చింది. ముక్కులోంచి పోయి ఆపరేషన్ చేసినారు. దేవుని దయ, ఇప్పుడు చూపు బాగుండాది.

బయాప్సీలో ‘బినైన్, పిట్యూటరీ అడెనోమా’ అని వచ్చింది, అంటే క్యాన్సర్ కాని మంచి గడ్డ అంట. ఆడితో ఆగుంటే సరిపోయేది. ఎవురో చెప్పినారని మా బావ ఆ ముక్కను ఒక ప్రైవేటు ల్యాబ్‌కు పంపి ఇంకో పరీక్ష చేయించినాడు, బాగా దుడ్లు పోసి. దాంట్లో ఇట్ల ఉండాది: ‘5, 8, 12 క్రోమోజోములు అదనం. 11వ క్రోమోజోము పొడుగు చేతిలో ఒక నకలు లోపం.’ కాగితం ఇచ్చినారే గానీ ఇవరం చెప్పే మనిషి ల్యాబ్‌లో లేడు. ఫోన్ చేస్తే మీ డాక్టర్నే అడగండి అన్నారు.

అసలు బాధ ఏందంటే, అక్క కూతురికీ మావాడికీ తోతాపురి కోత అయినాక శ్రావణంలో పెళ్లి అనుకున్నాం. మేనరికం, చిన్నప్పట్నుంచి అనుకున్నదే. ఆ కాగితం చూసిన కాన్నుంచి మా ఇంట్లో ఆమె ‘ఆ వంశంలో ఏదో ఉండాది, రేపు మనవళ్లకు వస్తుంది’ అని ఒకటే పోరు. నాకు రెండు తెలియాల. క్రోమోజోముల తేడా అంటే క్యాన్సర్ అనేనా? మా మేనకోడలికి వస్తుందా?

కాణిపాకం_కుర్రోడు | సోమవారం రాత్రి

అన్నా, క్రోమోజోముల తేడా అంటే పుట్టుకతో వచ్చేదే కదా? డౌన్ సిండ్రోమ్‌లో 21వది మూడు ఉంటాయని ఇంటర్‌లో చదివినాం. మరి అక్కకు 46 ఏండ్లు వచ్చేదాకా ఏమీ లేకుండా ఇప్పుడెట్ల వస్తుంది? రిపోర్టు మారిపోయిందేమో కనుక్కో.

జన్యుశాల | సోమవారం రాత్రి

రిపోర్టు మారి ఉండకపోవచ్చు. తిరుపతిలో జన్యుశాస్త్రంలో పరిశోధన చేస్తున్నాను, డాక్టర్ని కాదు, ఆ మేరకే చెప్తాను.

ల్యాబ్ చూసింది అక్క రక్తాన్ని కాదు, గడ్డ ముక్కను. ఇక్కడే అంతా తేడా పడుతుంది. డౌన్ సిండ్రోమ్‌లో ఒంట్లో దాదాపు ప్రతి కణంలోనూ ఆ మూడో 21 ఉంటుంది, ఎందుకంటే అది మొదటి కణంలోనే జరిగింది. అక్క విషయంలో పిట్యూటరీలో ఒకే ఒక్క కణం, పెద్దయ్యాక ఎప్పుడో, విభజనలో తప్పి, దాని సంతానమంతా గడ్డ అయింది. ఆమె చర్మంలో, రక్తంలో, అండాశయంలో 46 క్రోమోజోములు మామూలుగానే ఉంటాయి.

మీరు మామిడి రైతు కాబట్టి ఇట్లా చెప్తాను. చెట్టంతా తోతాపురి కాస్తుంటే ఏదో ఒక కొమ్మ మాత్రం తేడా కాయ కాయడం ఎప్పుడన్నా చూసుంటారు. ఆ మార్పు ఆ కొమ్మ మొగ్గలో పుట్టింది. పక్క కొమ్మ కాయలో ఉండదు, వేరులో ఉండదు.

ఒకే కణం నుంచి పుట్టిందని ఎట్లా తెలుసంటే, దానికి ఒక చక్కటి రుజువు ఉంది. ఆడవాళ్లలో రెండు ఎక్స్ క్రోమోజోములుంటాయి కదా, ప్రతి కణం వాటిలో ఒకదాన్ని మూసేస్తుంది. ఏది మూయాలో పిండ దశలోనే ఏ కణానికి ఆ కణం తేల్చుకుంటుంది, అందుకే మామూలు కణజాలంలో రెండు రకాలూ కలిసి ఉంటాయి. 1990లో ఆడవాళ్ల పిట్యూటరీ గడ్డల్ని ఇట్లా పరీక్షించినప్పుడు, చాలా గడ్డల్లో కణాలన్నింటిలోనూ ఒకే ఎక్స్ మూసి ఉంది. అంటే అంతా ఒకే తల్లికణం సంతానం.

పాకాల_పద్మ | సోమవారం రాత్రి

బంగారుపాళెం అన్నా, మీ అక్కకు ధైర్యం చెప్పండి. నాది గ్రోత్ హార్మోను గడ్డ. చెప్పుల సైజు పెరిగింది, ఉంగరం వేలికి పట్టలేదు, అంతా ఒళ్లు చేసినానని అనుకున్నారు. పాకాల నుంచి కాట్పాడి ప్యాసింజర్ ఎక్కి వేలూరు పోయొచ్చే బంధువొకామె నా ముఖం చూసి, ‘ఏమ్మే, దవడ ఇట్లయిందేమి, ఒకసారి చూపించుకో’ అన్నాక గానీ కదల్లేదు. ఆపరేషన్ అయి బాగుండాను. నాకెవురూ క్రోమోజోముల పరీక్ష రాయలేదు. అది అందరికీ చేస్తారా?

గ్రంథుల_డాక్టర్ | మంగళవారం ఉదయం

ఎండోక్రైన్ (హార్మోన్ల) ప్రాక్టీసులో ఉన్నాను. పద్మగారూ, చేయరు. పిట్యూటరీ గడ్డ తీశాక క్రోమోజోములు లెక్కపెట్టడం మామూలు వైద్యంలో భాగం కాదు, అది పరిశోధన పని. దాన్నిబట్టి మందు మారదు, డోసు మారదు. అనవసరంగా డబ్బు తీసుకుని, అర్థం చెప్పే మనిషి లేకుండా కాగితం చేతిలో పెట్టడం మీద నాకు చాలా కోపం ఉంది. అది వేరే సంగతి.

మొదటి ప్రశ్నకు జవాబు: కాదు. పిట్యూటరీ గడ్డల్లో క్యాన్సర్ అనదగ్గవి వెయ్యికి ఒకటి, రెండు. గడ్డ పిట్యూటరీని వదిలి మెదడులో ఇంకో చోటికో, వెన్నుకో, లివర్‌కో పాకిందని తేలితేనే ఆ పేరు పెడతారు. క్రోమోజోములు ఎన్ని ఉన్నాయో చూసి పెట్టరు.

ఇంకో మాట. వేరే కారణాలతో చనిపోయినవాళ్ల పిట్యూటరీలు, వేరే కారణాలకు తీసిన స్కాన్లు కలిపి చూస్తే దాదాపు ఆరుగురిలో ఒకరికి చిన్న గడ్డ ఏదో ఒకటి ఉంటుంది. చాలామందికి జీవితాంతం తెలియదు కూడా. ఇబ్బంది పెట్టేవి వెయ్యి మందిలో ఒకరికి. అక్కది 10 మిల్లీమీటర్లు దాటింది కాబట్టి మాక్రో రకం, చూపు నరాల మీద నొక్కింది, అందుకే బయటపడింది.

రెండో ప్రశ్నకు జవాబు చాలావరకు ‘రాదు’ అనే. ఆ ‘చాలావరకు’ గురించి సాయంత్రం ఓపీ అయ్యాక రాస్తాను.

రేణిగుంట_రవి | మంగళవారం ఉదయం

ఇవన్నీ ఎందుకన్నా, మా ఊరి పక్కన ఒకాయన ఆకు పసరు ముక్కులో పోస్తాడు, తలలో ఎంత గడ్డ ఉన్నా కరిగిపోద్ది. పుత్తూరు కట్టుకు దేశమంతా వస్తా ఉండారు కదా, అట్లాంటిదే ఇది కూడా.

అలిపిరి_అక్క | మంగళవారం ఉదయం

రవీ, నీ పుణ్యముంటుంది, ఆ మాట ఇంకెక్కడా చెప్పబాక నాయనా. నేను సర్జరీ వార్డులో నర్సుగా చేసి రిటైరైనాను. ముక్కులోంచి పిట్యూటరీ ఆపరేషన్ చేసినాక ముక్కుకూ మెదడుకూ మధ్య అడ్డం సన్నగా మూసి ఉంటుంది. అది సరిగా అతుక్కోకపోతే మెదడు చుట్టూ ఉండే నీళ్లు ముక్కులోంచి కారతాయి. ఆ దోవన సూక్ష్మక్రిములు పోతే మెదడు పొరల వాపు. మేము ముక్కు చీదొద్దు, బరువెత్తొద్దు, ముక్కి మలవిసర్జన చేయొద్దు అని కాపలా కాస్తుంటే నువ్వు పసరు పోయమంటావా. పుత్తూరు కట్టు ఎముకకు. దానికీ దీనికీ ముడి పెట్టకు.

బంగారుపాళెం నాయనా, మీ అక్కకు ముక్కులోంచి ఉప్పగా నీళ్లు కారినా, వంగితే ధారగా వచ్చినా ఆలస్యం చేయొద్దు. మూత్రం విపరీతంగా పోతా దాహం ఆగకపోయినా చెప్పాల. ఆపరేషనైన వారానికి అట్లిట్లుగా సోడియం పడిపోయి మనిషి మబ్బుగా, వాంతులతో ఉంటుంది, ఇంటికి పంపినాక జరుగుతుంది కాబట్టి ఇంట్లోవాళ్లే కనిపెట్టాల.

నిర్వాహకుడు | మంగళవారం ఉదయం

రవిగారి వ్యాఖ్య తీసేయడం లేదు, కింద జవాబు ఉంది కాబట్టి. ల్యాబ్ పేరు, ఫోన్ నంబర్లు, రిపోర్టు ఫొటోలు ఎవరూ పెట్టవద్దు. పేషెంటు పేరు కనిపిస్తుంది.

బంగారుపాళెం_రైతు | మంగళవారం మధ్యాహ్నం

అలిపిరి అక్కా, నువ్వు చెప్పినవి ఏవీ లేవు, బాగుండాది. డాక్టరుగారూ, సాయంత్రం దాకా ఆగాల్నా? ఆ ‘చాలావరకు’ అనే మాట మా ఇంట్లో ఆమె కంట్లో పడింది.

జన్యుశాల తమ్ముడూ, కొమ్మ సంగతి అర్థమయింది. మా తోటలోనే ఉండాది అట్లాంటి చెట్టు. కానీ ఒకటి చెప్పు. ఇన్ని క్రోమోజోములు ఇట్ల గందరగోళం అయినాక కూడా అది చెడ్డ గడ్డ ఎందుకు కాలేదు? రేపు అవుతుందేమో గదా?

జన్యుశాల | మంగళవారం మధ్యాహ్నం

అన్నా, ఇది మంచి ప్రశ్న. నేను ఈ విషయం చదవడం మొదలుపెట్టిందే దీనికోసం.

ముందు భయం తీరే మాట. మంచి గడ్డల్లో క్రోమోజోములు మారడం అరుదేమీ కాదు. మనిషికి 46 క్రోమోజోములని ఖాయంగా తేలిందే 1956లో. ఆ తర్వాత పదకొండేళ్లకే, 1967లో, మెదడు పొర మీద వచ్చే మెనింజియోమాల్లో 22వ క్రోమోజోము ఒకటి పోతుందని గమనించారు. అవి చాలావరకు మంచి గడ్డలే. అంతెందుకు, గర్భసంచిలో ఫైబ్రాయిడ్ లేని ఇల్లుందా మన దగ్గర? వాటిల్లో నూటికి 40 దాకా క్రోమోజోముల తేడాలు కనిపిస్తాయి. ఎవరూ పరీక్షించరు కాబట్టి ఎవరికీ తెలియదు, ఏ పెళ్లీ ఆగదు.

ఇక పిట్యూటరీ. 1997లో లాస్ ఏంజిల్స్‌లో ష్లోమో మెల్మెడ్ బృందం ఎలుక పిట్యూటరీ గడ్డ కణాల్లో పీటీటీజీ అనే జన్యువును పట్టుకుంది. అది చేసే ప్రోటీన్ సెక్యూరిన్ అని తర్వాత తేలింది. కణం రెండుగా చీలేటప్పుడు జంట క్రోమోజోములు వేళ కాకముందే విడిపోకుండా చూడటం దాని పని. అది మోతాదు మించితే పంపకం తప్పుతుంది. ఒక కణానికి 5వది మూడు పోతాయి, దాని జంట కణానికి ఒకటే మిగులుతుంది. మనుషుల పిట్యూటరీ గడ్డల్లో చాలావాటిల్లో ఈ ప్రోటీన్ ఎక్కువగానే ఉంది.

అట్లా పంపకం తప్పి డీఎన్ఏ దెబ్బతిన్న కణం ఏం చేస్తుందన్నది అసలు విశేషం. అది పి21 అనే ప్రోటీన్‌ను పెంచుకుని ఇక చీలడం మానేస్తుంది. చావదు. హార్మోను చేస్తూనే ఉంటుంది. కానీ సంతానం ఉండదు. గ్రోత్ హార్మోను గడ్డల్లో దీన్ని బాగా చూపించారు. అన్ని రకాల్లోనూ పి21 దే పని కాదు, కొన్నింటిలో పి15, పి16 అనేవి ఆ పని చేస్తున్నట్టు కనబడింది. మొత్తానికి క్రోమోజోములు చెదరడమే ఆ కణం పెరుగుదల ఆగడానికి ఒక కారణం అవుతోంది. మీరు భయపడుతున్నదానికి ఇది దాదాపు తలకిందులు.

కాణిపాకం_కుర్రోడు | మంగళవారం మధ్యాహ్నం

అట్లయితే చెదిరితే మంచిదా? ఇదేందో విచిత్రంగా ఉండాదే.

జన్యుశాల | మంగళవారం మధ్యాహ్నం

మంచిదని అనలేదు కుర్రోడా. చెదిరినంత మాత్రాన చెడ్డది కాదన్నాను. గడ్డ రకాన్ని బట్టి కూడా మారుతుంది. 2017లో అమెరికాలో 42 పిట్యూటరీ గడ్డల డీఎన్ఏ చదివితే రెండు గుంపులు తేలాయి. కొన్నింట్లో క్రోమోజోములు బాగా చెదిరాయి, మిగతావాటిల్లో దాదాపు ఏమీ కదల్లేదు. చెదిరిన గుంపులో హార్మోను చేసే గడ్డలు ఎక్కువ. ఏ హార్మోనూ చేయకుండా ఊరికే పెరిగి చూపు నరాన్ని నొక్కే గడ్డలు ఎక్కువగా నిశ్శబ్ద గుంపులో ఉన్నాయి. క్రోమోజోములు సక్రమంగా ఉండి కూడా గడ్డ పెద్దదై కళ్లు పోగొట్టగలదన్నమాట.

ప్రొలాక్టిన్ గడ్డల్లో 5, 8, 12 అదనంగా రావడం పాత అధ్యయనాల్లోనే ఉంది. అక్క రిపోర్టులో సరిగ్గా అవే అంకెలు చూసి నాకు ఆశ్చర్యం వేయలేదు.

స్లైడు_మీద_చూపు | మంగళవారం సాయంత్రం

పాథాలజీ వాడిని. జన్యుశాల చెప్పింది బాగుంది కానీ ఒక సందేహం. కారణమా, ఫలితమా అన్నది దాటేశారు. గ్రోత్ హార్మోను గడ్డల్లో నూటికి 40 దాకా జీఎన్ఏఎస్ జన్యువులో ఒకే అక్షరం మారి ఉంటుంది, దాంతో కణానికి పై నుంచి ఆజ్ఞ లేకపోయినా పెరగమనే సంకేతం ఆగకుండా నడుస్తుంది. కార్టిసాల్ అనే హార్మోను పెంచే గడ్డల్లో యూఎస్‌పీ8 అనే జన్యువులో మార్పు 2015లో దొరికింది. అవి కారణాలు, ఒప్పుకుంటాను. ప్రొలాక్టిన్ గడ్డలో 5, 8, 12 అదనం కావడం కారణమని మీరు చెప్పగలరా?

ఇంకోటి, రిపోర్టులో చూడాల్సినవి వేరే ఉన్నాయి. గడ్డ ఏ కణవంశం నుంచి వచ్చిందో తేల్చే పిట్1, టిపిట్, ఎస్ఎఫ్1 అనే రంగు పరీక్షలు, కణాలు ఎంత జోరుగా చీలుతున్నాయో చెప్పే కేఐ67 ఎంత, పక్కనున్న కావర్నస్ సైనస్ అనే రక్తనాళాల గదిలోకి చొచ్చుకుందా అన్నవి. గడ్డ మళ్లీ పెరుగుతుందా లేదా అనేది వీటిని బట్టి, మిగిలిపోయిన ముక్కను బట్టి అంచనా వేస్తారు. ఈ మధ్య రిపోర్టుల్లో అడెనోమా బదులు ‘పిట్యూటరీ న్యూరోఎండోక్రైన్ ట్యూమర్’ అని రాస్తున్నాం, 2022 ప్రపంచ ఆరోగ్య సంస్థ వర్గీకరణ ప్రకారం. ఆ పేరు చూసి జనం గూగుల్ చేసి ఏడుస్తున్నారు. పాత గడ్డే, భయపడకండి.

జన్యుశాల | మంగళవారం సాయంత్రం

చెప్పలేను సార్. ప్రొలాక్టిన్ గడ్డల్లో కొన్నింటికి ఎస్ఎఫ్3బీ1 జన్యువులో మార్పు ఉందని 2020లో వచ్చింది, మిగతావాటికి మొదటి తప్పు ఏదో తెలియదు. క్రోమోజోముల తేడా గడ్డ పుట్టాక వచ్చి ఉండొచ్చు. నేను మాట్లాడింది అది ఉన్నా గడ్డ ఎందుకు చెడిపోదు అన్నదాని గురించే.

గ్రంథుల_డాక్టర్ | మంగళవారం రాత్రి

ఇప్పుడు ఆ ‘చాలావరకు’.

5, 8, 12 సంగతి వదిలేయండి. నా దృష్టి 11 మీద ఆగింది. ఆ క్రోమోజోము పొడుగు చేతిలో, అంటే దాని పెద్ద భాగంలో, మెన్1 అని ఒక జన్యువుంది, 1997లో గుర్తించారు. గడ్డలు పుట్టకుండా కాపలా కాసే రకం. ప్రతివాళ్లకూ రెండు నకళ్లు ఉంటాయి, ఒకటి చెడినా రెండోది పని చేస్తుంది. కొన్ని కుటుంబాల్లో ఒక నకలు పుట్టుకతోనే చెడి ఉంటుంది. తర్వాత ఏ కణంలోనైనా రెండో నకలున్న 11వ ముక్క ఊడిపోతే అక్కడ గడ్డ మొదలవుతుంది. వాళ్లకు మెడలో ఉండి రక్తంలో కాల్షియాన్ని అదుపు చేసే పారాథైరాయిడ్ గ్రంథులు, పాంక్రియాస్, పిట్యూటరీ మూడు చోట్లా గడ్డలు రావచ్చు. పిట్యూటరీలో వచ్చేది ఎక్కువగా ప్రొలాక్టిన్ రకమే. అవి కాస్త పెద్దగా ఉంటాయి, మందుకు మొండికేస్తాయి.

అక్కది పెద్దది, మందుకు లొంగలేదు, 11లో లోపం ఉంది. అందుకే అడుగుతున్నాను. కంగారు పడకండి, పిట్యూటరీ గడ్డలన్నీ కలిపి చూస్తే వంశంలో వచ్చేవి నూటికి 5 మాత్రమే. వంశంతో సంబంధం లేని గడ్డల్లో కూడా 11వ ముక్క ఊడటం చాలాసార్లు చూశారు, వాళ్ల మెన్1 జన్యువు చదివితే ఏ చెడూ లేదు. ప్రొలాక్టిన్ గడ్డల్లో 11 లోపం ఉన్నవి కొంచెం దూకుడుగా పెరుగుతాయని చిన్న అధ్యయనాలున్నాయి, దానికి జవాబు ఎమ్మారైలు తప్పకుండా తీయించుకోవడమే.

అక్కకు కిడ్నీలో రాళ్లు వచ్చాయా? ఇంట్లో ఎవరికైనా కాల్షియం ఎక్కువని, మెడలో గ్రంథి తీశారని, కడుపులో పుండ్లు ఎన్ని మందులు వాడినా తగ్గలేదని ఉందా? సీరమ్ (రక్తంలో) కాల్షియం, ఆ పారాథైరాయిడ్ గ్రంథుల హార్మోను పారాథార్మోన్ రెండూ చేయించండి. మామూలు రక్తపరీక్షలే. మెన్1 ఉన్నవాళ్లలో 50 ఏళ్లకల్లా నూటికి 90 మందికి పైగా కాల్షియం పెరిగే ఉంటుంది. అక్క వయసులో అది మామూలుగా ఉంటే అనుమానం బాగా తగ్గిపోతుంది.

బంగారుపాళెం_రైతు | మంగళవారం రాత్రి

సార్, రాయి పడింది. శానా ఏండ్ల కిందట ఒకసారి. మా బోరు నీళ్లు తాగితే ఎవురికైనా రాళ్లు పడతాయి అనుకున్నాం. మా నాయనకూ పడింది. ఇప్పుడు నాకు నిద్ర పట్టేట్టు లేదు.

అలిపిరి_అక్క | మంగళవారం రాత్రి

పడుకో నాయనా. ఈ ఎండల్లో, ఈ నీళ్లతో, తూర్పు మండలాల నుంచి పడమటి మండలాల దాకా రాయి పడని ఇల్లు చూపించు. రేపు పొద్దున రక్తం ఇచ్చి రండి. చేతికి పట్టీ గట్టిగా కట్టి చానాసేపు ఉంచితే కాల్షియం తప్పుగా ఎక్కువ చూపిస్తుంది, తీసే పిల్లకు చెప్పండి. కాల్షియం మాత్రలు, డి విటమిన్ వేసుకుంటా ఉంటే అదీ చెప్పండి.

పాకాల_పద్మ | బుధవారం ఉదయం

వంశంలో వచ్చేవాటి గురించి ఒకటి చదివినాను, డాక్టరుగారు సరిచూడండి. ఐర్లండులో పుట్టిన చార్లెస్ బర్న్ అని 1783లో చనిపోయిన ఏడడుగుల పైన మనిషి ఉండేవాడంట. లండన్ మ్యూజియంలో ఆయన అస్థిపంజరం ఉంది, దాని పంట్లోంచి డీఎన్ఏ తీసి చూస్తే ఏఐపీ అనే జన్యువులో మార్పు దొరికిందంట. అదే మార్పు ఇప్పటికీ ఆ ప్రాంతం కుటుంబాల్లో ఉందంట.

గ్రంథుల_డాక్టర్ | బుధవారం మధ్యాహ్నం

నిజమే. 2011లో బయటపెట్టారు. ఏఐపీ గురించి మొదట తెలిసింది 2006లో, ఫిన్లండ్ కుటుంబాల నుంచి. అది కూడా 11 పొడుగు చేతి మీదే, మెన్1కు దగ్గర్లోనే ఉంటుంది. కానీ ఏఐపీ ఉన్నవాళ్లకు గడ్డ సాధారణంగా చిన్న వయసులో, 30 లోపే, ఎక్కువగా గ్రోత్ హార్మోను రకంగా వస్తుంది. మీకు పెద్దయ్యాక వచ్చింది, ఇంట్లో ఇంకెవరికీ లేకపోతే మీరు దాని గురించి ఆలోచించక్కర్లేదు.

పుట్టుకతోనే క్రోమోజోములో తేడా ఉండి పిట్యూటరీ గడ్డ వచ్చే జబ్బు కూడా ఒకటుంది, చాలా చాలా అరుదు. ఎక్స్ క్రోమోజోములో చిన్న ముక్క రెండింతలై, పాలు తాగే వయసు నుంచే బిడ్డ అసాధారణంగా ఎత్తు పెరుగుతుంది. 2014లో వివరించారు. ఇది పెద్దవాళ్లలో వచ్చేది కాదు.

బంగారుపాళెం_రైతు | గురువారం సాయంత్రం

రిపోర్టు వచ్చింది సార్. కాల్షియం 9.4. పారాథార్మోన్ ల్యాబ్ వాళ్లు ఇచ్చిన హద్దులోనే ఉండాది. అక్కకు మెడలో గడ్డ లేదు, కడుపు పుండు లేదు. మా నాయన రాయి కూడా ఒకసారి పడి పోయిందే, మళ్లా రాలేదు. మా అమ్మ వైపు ఎవురికీ ఏమీ లేదు.

గ్రంథుల_డాక్టర్ | గురువారం రాత్రి

బాగుంది. 46 ఏళ్లకు కాల్షియం, పారాథార్మోన్ రెండూ మామూలు, కుటుంబంలో ఎవరికీ లేదు. మెన్1 అవకాశం చాలా తక్కువ. అక్కను చూసే డాక్టరు ఒప్పుకుంటే కాల్షియం ఏడాదికోసారి చూస్తూ ఉండొచ్చు. అనుమానం పూర్తిగా తీరాలంటే అక్క రక్తంతో మెన్1 జన్యుపరీక్ష ఉంది. గడ్డ ముక్కతో కాదు, రక్తంతో. చేయిస్తే ముందు అక్కకే చేయించాలి. ఆమెలో లేకపోతే మీ మేనకోడలు పాపకు రావడానికి ఆమె దగ్గర ఏమీ లేనట్టే. పాపకు నేరుగా పరీక్ష చేయించే ఆలోచన వద్దు.

హైరోడ్డు_మరదలు | గురువారం రాత్రి

మామా, నేనే. ఈ చర్చ లింకు అత్తే పంపింది, చదవమని. మొదట కోపం వచ్చింది, తర్వాత మొత్తం చదివినాను.

డాక్టరుగారూ, మా ఇంట్లో ఎవరూ అడగని ప్రశ్న ఒకటి నేను అడుగుతాను. అమ్మ గడ్డలో క్రోమోజోముల గురించి ఇన్ని రోజులు మాట్లాడుకున్నారు. నేను, బావ మేనత్త మేనమామ పిల్లలం. దాని గురించి ఎందుకు ఎవరూ మాట్లాడరు?

గ్రంథుల_డాక్టర్ | గురువారం రాత్రి

చాలా మంచి ప్రశ్న అమ్మా. ఇది ఇంకెవరైనా అడుగుతారని చూస్తున్నాను.

మెన్1 లాంటి జబ్బు రావడానికి మేనరికం అక్కర్లేదు, ఒక్క తల్లి నుంచో తండ్రి నుంచో వస్తే చాలు, ప్రతి బిడ్డకూ సగం అవకాశం. మేనరికం వల్ల దాని అవకాశం పెరగదు. మేనరికంలో భయం వేరే రకం జబ్బులతో. ఇద్దరి దగ్గరా ఒకే చెడిన నకలు దాగి ఉండి, బిడ్డలో రెండూ కలిసినప్పుడు బయటపడేవి: తలసీమియా, పుట్టుచెవుడు కొన్ని రకాలు, జీవక్రియ జబ్బులు. బావామరదళ్ల జన్యువుల్లో ఎనిమిదో వంతు ఒకటే ఉంటాయి. అందరు దంపతులకూ బిడ్డ పుట్టుకలోపంతో పుట్టే అవకాశం 2 నుంచి 3 శాతం ఉంటే, మీకు ఇంకో 2 నుంచి 3 శాతం దానికి కలుస్తుంది. నూటికి 94, 95 మంది పిల్లలు మామూలుగానే పుడతారు, అదీ నిజమే. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే 2019-21లో మన రాష్ట్రంలో దాదాపు నాలుగు పెళ్లిళ్లలో ఒకటి దగ్గరి బంధువుల మధ్యే. మీ రెండు వైపులా చిన్నప్పుడే పోయిన పిల్లలు, చెవుడు, బుద్ధిమాంద్యం, రక్తహీనతతో రక్తం ఎక్కించుకునేవాళ్లు ఉన్నారా అని మూడు తరాలు రాసి, పెళ్లికి ముందే ఒక జన్యు సలహాదారు దగ్గర కూర్చోండి. తలసీమియా నకలు దాగి ఉందేమో చెప్పే హెచ్‌బీఏ2 రక్తపరీక్ష ఇద్దరూ చేయించుకోండి. అది ఖరీదైనది కాదు.

హైరోడ్డు_మరదలు | గురువారం రాత్రి

థాంక్స్ సార్. మామా, నేను పెళ్లి వద్దనడం లేదు. ఆ పరీక్షకు బావ కూడా రావాలి. అమ్మ కాగితం మీద నా పెళ్లి ఆపొద్దు, ఆపాలంటే వేరే కాగితం చూసి ఆపండి.

కాణిపాకం_కుర్రోడు | గురువారం రాత్రి

అక్కా, నమస్కారం పెడతా ఉండా 🙏

బంగారుపాళెం_రైతు | శుక్రవారం ఉదయం

పాపా, చదివినాను. మీ అత్తకు కూడా చదివి వినిపించినాను. ఏమీ అనలేదు, రక్తపరీక్షకు ఎప్పుడు పోతారని అడిగింది. మావాడికి చెప్పినాను, వస్తాడు. సోమవారం అక్క ప్రొలాక్టిన్ పరీక్ష కూడా ఉండాది, అందరం ఒకే బండిలో పోతాం.

అలిపిరి_అక్క | శుక్రవారం ఉదయం

ఆపరేషన్‌కు ముందు, తర్వాత తీసిన ఎమ్మారై రెండు సీడీలూ తీసుకపోండి, కాగితాలు ఒక్కటే చాలవు, డాక్టరు బొమ్మలు పక్కపక్కన పెట్టి చూడాల. ప్రొలాక్టిన్‌కు రక్తం నిద్రలేచిన వెంటనే ఇయ్యకుండా కాసేపు కూర్చున్నాక ఇయ్యమను, లేచిన వెంటనే అయితే ఎక్కువ చూపిస్తుంది. పొద్దున కార్టిసాల్ రాసినారా అని అడుగు. స్టెరాయిడ్ మాత్ర వేసుకుంటా ఉంటే అది సొంతంగా ఆపబాకండి, జ్వరం వచ్చినా వాంతులైనా ముందు దాని గురించి ఫోన్ చేయండి.